కాఫీ వేళ తెలిసిన మనకు గింజ ఊరు తెలియదు

కాఫీ విషయంలో తెలుగిళ్ళలో తరతరాలుగా వినిపించే ఫిర్యాదులు ఇవే. వేళకి అందలేదు. చల్లారిపోయింది. డికాషన్ పల్చబడింది. పంచదార ఎక్కువైంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో, నెల్లూరులో చాలా ఇళ్ళలో ఈ పట్టింపులు ఉంటాయి. కాఫీ బాగా పెడుతుందని పేరున్న ఇల్లాలు వీధికి ఒకరైనా ఉంటారు. ఇంత పట్టింపు ఉన్న చోట ఒక్క ప్రశ్న మాత్రం వినబడదు: ఈ గింజ ఏ కొండ మీద పండింది, ఎవరు కోశారు, వేయించి ఎన్నాళ్ళయింది? బియ్యం కొనేటప్పుడు పాతవా కొత్తవా అని గుప్పిట్లోకి తీసుకుని చూసే మనిషి, మామిడిపండు దగ్గర నూజివీడు రసాలా, బంగినపల్లా అని అడిగే మనిషి, కాఫీపొడి దగ్గరకొచ్చేసరికి "పావుకిలో ఇవ్వండి" అని ఊరుకుంటాడు.

మన కాఫీ సంస్కృతి వేళ చుట్టూ, మర్యాద చుట్టూ అల్లుకుంది. పంట చుట్టూ అల్లుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనే రెండు లక్షల ఎకరాలకు పైబడి కాఫీ తోటలు ఉన్నా ఇలా జరగడానికి కారణాలు కాఫీ మన ఇళ్ళకు వచ్చిన దారిలోనే ఉన్నాయి.

యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటాడని బాబా బుడన్ గురించి చెప్పుకునే కథ 17వ శతాబ్దానిది. తోటలుగా కాఫీ విస్తరించింది మాత్రం 19వ శతాబ్దంలో, ఇంగ్లీషు దొరల పెట్టుబడితో. పండినదాంట్లో ఎక్కువభాగం ఓడలెక్కేది. దక్షిణాది మధ్యతరగతి ఇళ్ళలో కాఫీ నిలదొక్కుకున్నది ఆ తర్వాతే. కోర్టులు, కచేరీలు, కాలేజీలు, రైలు స్టేషన్లు ఉన్న ఊళ్ళలో మొదట పట్టు దొరికింది. పొద్దున్నే చద్దన్నం తిని పనికి వెళ్ళే అలవాటు స్థానంలో కాఫీ, ఇడ్లీ వచ్చాయి. పదింటికి ఆఫీసు, తొమ్మిదిన్నరకి భోజనం అనే కొత్త దినచర్యకు పొద్దున ఆరింటి కాఫీ చక్కగా అమరింది. పెద్దలు గొణిగారు, పైత్యం చేస్తుందన్నారు, ఆడవాళ్ళు కాఫీకి మరిగితే సంసారం నిలవదన్నారు. ఒకటి రెండు తరాలు తిరిగేసరికి ఆ గొణిగే పెద్దలకే మొదటి గ్లాసు అందించడం మర్యాదగా స్థిరపడింది.

అదే కాలంలో మద్రాసు రాష్ట్రమంతటా కాఫీ హోటళ్ళు వెలిశాయి. వాటి బోర్డుల మీద బ్రాహ్మణ అన్న మాట ఉండటం మామూలు. ఎవరు లోపల కూర్చోవచ్చు, ఎవరు బయట నిలబడి తాగాలి, ఎవరి గ్లాసు విడిగా ఉండాలి అన్న లెక్కలు అక్కడ కఠినంగా నడిచాయి. కాఫీ కబుర్ల గురించి మురిపెంగా మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి దాటేయడం అన్యాయం. దళితులకు విడి గ్లాసు పెట్టే పద్ధతి మన టీ, కాఫీ కొట్లలో స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం బతికింది. నలుగురినీ కలిపే పానీయం అని దానికి ఇవాళ ఉన్న పేరు ఊరికే రాలేదు, కొట్లాడితే వచ్చింది.

గింజ ఊరు మనకు తెలియకుండా పోవడానికి మాత్రం అసలు కారణం మార్కెట్ ఏర్పాటులో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంతో ఐరోపా కొనుగోళ్ళు పడిపోయినప్పుడు తోటల వాళ్ళను కాపాడటానికి ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1942 కాఫీ చట్టంతో కాఫీ బోర్డు స్థిరపడింది. ఆ తర్వాత సుమారు అర్ధశతాబ్దం పాటు పండించిన ప్రతి రైతూ తన గింజను బోర్డు పూల్‌కు, అంటే ఉమ్మడి నిల్వకు, అప్పజెప్పాల్సిందే. బోర్డు దాన్ని రకాల వారీగా కలిపి వేలం వేసేది. రైతుకు మార్కెట్ భయం తప్పింది. కానీ ఒక తోట గింజకు, పక్క తోట గింజకు మధ్య తేడా పూల్‌లో కలిసిపోయింది. బాగా పండించినవాడికీ, ఏదో పండించినవాడికీ వచ్చే ధరలో పెద్ద తేడా లేనప్పుడు ఊరు పేరు చెప్పుకుని అమ్మడానికి కారణమే ఉండదు. విజయవాడలోనో, రాజమండ్రిలోనో కాఫీపొడి కొట్టువాడికి తెలిసినవి గ్రేడు పేర్లే: ప్లాంటేషన్ ఎ, పీబెర్రీ, చెర్రీ. కడిగి ఆరబెట్టిన అరబికా అనే జాతి గింజ ప్లాంటేషన్, పండు పండుగా ఎండబెట్టింది చెర్రీ, ఒకే గుండ్రటి గింజ ఉన్న కాయలు ఏరితే పీబెర్రీ. ఆ పేర్లలో గింజ చేసిన ప్రయాణం ఉంది, పుట్టిన చోటు లేదు. 1990లలో సరళీకరణతో పూల్ పద్ధతి దశలవారీగా సడలి, 1996 నాటికి రైతు తన పంటను తన ఇష్టం వచ్చినట్టు అమ్ముకునే స్వేచ్ఛ పొందాడు. అప్పటికి మన నాలుక అలవాటు ఖాయమైపోయింది.

ఆ అలవాటుకు కేంద్రం ఫిల్టరు. రెండు గిన్నెలు ఒకదాని మీద ఒకటి, పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు, లోపల కాడ ఉన్న చిల్లుల బిళ్ళ. ఇత్తడిది పోయి స్టీలుది వచ్చినా నిర్మాణం మారలేదు. పొడి వేసి బిళ్ళతో మెల్లగా అదుముతారు. గట్టిగా అదిమితే నీళ్ళు దిగవు, వదులుగా వదిలితే ఒక్కసారిగా దిగిపోయి డికాషన్ నీళ్ళోడుతుంది. తెర్లిన నీళ్ళు కొంచెం పోసి పొడి తడిసి ఉబ్బేదాకా ఆగి, అప్పుడు మిగతావి పోయాలి. బొట్లుగా దిగే ఆ పావుగంట, ఇరవై నిమిషాలను తగ్గించే ఉపాయం ఇప్పటికీ లేదు. అందుకే చాలా ఇళ్ళలో రాత్రి పడుకోబోయే ముందే ఫిల్టరు వేసి ఉంచుతారు. మొదటి డికాషన్ చిక్కగా, నల్లగా దిగుతుంది. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే రెండో డికాషన్. అది ఎవరి వంతుకు వస్తుందో చూస్తే ఆ ఇంట్లో అంతస్తులు తెలిసిపోయేవి. ఇంటి యజమానికి, అల్లుడికి మొదటిది. పిల్లలకు, పనిమనిషికి, చాలాసార్లు కాఫీ పెట్టిన ఆవిడకే రెండోది.

ఈ పని అంతా ఎవరి చేతి మీద నడిచింది అన్నది కాఫీ చరిత్రల్లో పెద్దగా కనిపించదు. తెల్లవారుజామున లేచి పాలు కాచి, ఒక్కొక్కరి లేచే వేళకు ఒక్కొక్క గ్లాసు, ఒకరికి పంచదార లేకుండా, ఒకరికి స్ట్రాంగుగా, ఒకరికి పొగలు కక్కుతూ అందించిన శ్రమ ఆడవాళ్ళది. ఎంతోమంది అమ్మలకు ఇల్లంతా లేవకముందు తమకోసం కలుపుకున్న అరగ్లాసు కాఫీతో గడిపే పది నిమిషాలే రోజు మొత్తంలో సొంతంగా దొరికే విరామం. కాఫీ ఆధునిక జీవితానికి ఇచ్చినదేమిటని లెక్క తీస్తే ఆ పది నిమిషాలను మొదటి వరసలో రాయాలి.

ఫిల్టరు పద్ధతిలో పాలది సగానికి పైగా వాటా. పాలు ఎక్కువైన కొద్దీ డికాషన్ చిక్కదనం కావాలి, ఆ చిక్కదనం కోసమే చికోరీ. చికోరీ వేరును ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కలుపుతారు. మన దేశంలో అది ప్రధానంగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. అందులో కెఫీన్ ఉండదు. రంగు, చేదు, కొద్దిపాటి తీపి, జిగి మాత్రం వస్తాయి. చికోరీని కల్తీగా చూసేవాళ్ళున్నారు, అది లేకపోతే కాఫీయే కాదనేవాళ్ళున్నారు. పాలల్లో నిలబడే డికాషన్‌కు పదో పాతికో శాతం చికోరీ ఉండటం తప్పేమీ కాదు, అది ఈ ప్రాంతపు రుచి. తప్పు వేరే చోట ఉంది. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో పొట్లం మీద రాయాలి. అంటే 49 శాతం దాకా చికోరీ ఉన్నదాన్ని కూడా నిక్షేపంగా అమ్ముకోవచ్చు. విడిగా పొడి పట్టించి ఇచ్చే కొట్లో ఎంత కలుపుతున్నారో నోటితో అడగాల్సిందే. అక్కడ అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. సూపర్ మార్కెట్‌లో పొట్లం వెనక్కి తిప్పి ఆ శాతం చదివేవాళ్ళు చాలా తక్కువ.

ఫిల్టరు ఎన్నడూ చేరని ఇళ్ళకు ఇన్‌స్టంట్ కాఫీ చేరింది. పల్లెలో చిల్లర కొట్టు దారానికి వేలాడే చిన్న పొట్లం, వేడిపాలు, ఒక చెంచా. అంతే. ఫిల్టరు ప్రియులు దీన్ని ఈసడించుకుంటారు గానీ, కాఫీని కొన్ని కులాల వంటింటి నుంచి బయటికి తెచ్చి అందరిదీ చేసిన ఘనత చాలావరకు ఆ పొట్లానిదే. ఈ రంగంలో తెలుగువాళ్ళ వాటా కూడా చిన్నది కాదు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో 1990లలో మొదలైన సీసీఎల్ ఫ్యాక్టరీ ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి ప్రపంచంలోని ఎన్నో దేశాలకు పంపుతోంది. అక్కడ వాటి మీద వేరే కంపెనీల పేర్లు పడతాయి. తన కప్పులోని పొడి దుగ్గిరాల నుంచి వచ్చిందని విదేశంలో తాగేవాడికి తెలియదు. పక్కూరివాళ్ళలో కూడా తెలిసినవాళ్ళు కొద్దిమందే.

తెలంగాణ దారి వేరు. నిజాం రాజ్యంలో ఇరానీ హోటళ్ళు పాతుకున్నాయి, జనానికి చాయ్ అలవాటైంది. నలుగురు కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకోవడం, ఉస్మానియా బిస్కెట్, ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవడం, ఇవన్నీ అక్కడ కాఫీతో పని లేకుండానే జరిగాయి. హైదరాబాద్‌లో కాఫీ ఉడిపి హోటళ్ళలో, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగుల ఇళ్ళలో ఉండేది. కోస్తా లెక్కను రెండు రాష్ట్రాలకూ వర్తింపజేసి "తెలుగువాళ్ళ కాఫీ" అని రాసేయడం పొరపాటు. హైదరాబాద్‌లో ఇవాళ కనిపిస్తున్న కాఫీ మోజు చాలావరకు ఫిల్టరు వారసత్వం నుంచి పుట్టలేదు, కేఫ్ నుంచి పుట్టింది.

1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో మొదటి కేఫ్ కాఫీ డే తెరుచుకుంది. కాఫీ బోర్డు నడిపిన పాత కాఫీ హౌస్‌లు, తర్వాత కార్మికుల సహకార సంఘాల చేతుల్లోకి వచ్చిన ఇండియన్ కాఫీ హౌస్‌లు అంతకుముందే ఉన్నాయి. అక్కడ తెల్ల తలపాగా వెయిటర్లు, పేపర్లు చదువుకునే మేష్టార్లు, రాజకీయాలు. కొత్త కేఫ్ పిలిచింది వేరే వయసు వాళ్ళను. ఏసీ, మెత్తటి కుర్చీ, ఎంతసేపు కూర్చున్నా లేవమనని పద్ధతి. మాదాపూర్‌లోనో, విశాఖ బీచ్ రోడ్డులోనో ఇవాళ రెండు వందలు దాటే కప్పు ధరలో కాఫీది కొంతే, మిగతాది కుర్చీ అద్దె. ఇరుకు హాస్టల్ గదుల్లో, పేయింగ్ గెస్ట్ గదుల్లో ఉండే వేలమంది పిల్లలకు నగరంలో పార్కు లేదు, లైబ్రరీ లేదు, కూర్చోవడానికి అరుగు లేదు. ఆ లోటును కేఫ్ డబ్బు తీసుకుని తీరుస్తోంది. ఊరు చేయాల్సిన పనిని వ్యాపారం చేస్తోందన్న విమర్శ సరైనదే. అయినా ఒక మేలును ఒప్పుకోవాలి. టీ కొట్టు, కాఫీ హోటలు ఎప్పుడూ మగవాళ్ళ చోటుగానే ఉన్నాయి. ఒంటరిగా ఒక అమ్మాయి గంటసేపు కూర్చుని చదువుకున్నా, పనిచేసుకున్నా ఎవరూ వింతగా చూడని చోటు మన ఊళ్ళలో కేఫ్‌కు ముందు దాదాపు లేదు.

పెళ్ళిచూపులు కూడా అక్కడికే చేరాయి. పెద్దల ఎదుట పళ్ళెంలో కాఫీ గ్లాసులతో వచ్చి, తల వంచుకుని అందించి, పక్కన కూర్చోవాల్సిన పిల్ల ఇప్పుడు ముందుగా అబ్బాయిని కేఫ్‌లో కలిసి, తన కాఫీ తను తెప్పించుకుని, అడగాల్సినవి అడుగుతోంది. అప్పుడు కాఫీ అమ్మాయి పనితనానికి పరీక్ష, ఇప్పుడు ఇద్దరికీ మాట్లాడుకోవడానికి దొరికిన వ్యవధి. గత ముప్ఫయ్యేళ్ళలో తెలుగు కుటుంబంలో వచ్చిన మార్పుల్లో ఇంత కంటికి కనబడేవి తక్కువ.

ఆఫీసులో కాఫీ ఇంకో వేషం కట్టింది. అది పని యంత్రాంగంలో భాగం. కెఫీన్ శక్తి ఇవ్వదు. మెదడులో అలసటను తెలియజేసే అడినోసిన్ అనే పదార్థం అతుక్కోవాల్సిన చోట తాను అతుక్కుని ఆ కబురు అందకుండా ఆపుతుంది. అలసట అలాగే ఉంటుంది, తెలియకుండా పోతుంది. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున అయిదు గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికి కూడా సగం పనిలోనే ఉంటుందన్న మాట. అమెరికా వేళలకు పనిచేసే ఐటీ బృందాల్లో నిద్ర సరిగా పట్టదన్న ఫిర్యాదు వెనక షిఫ్టులతో పాటు రాత్రి తొమ్మిది గంటల యంత్రం కాఫీ కూడా ఉంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్‌లో భాగం) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దని చెప్పాయి. వాటి లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయి. అంతకన్నా మన ఇళ్ళకు ఎక్కువ పనికొచ్చే సూచన మరొకటి అందులో ఉంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు మానమంది, ఎందుకంటే వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఆడవాళ్ళలో ఇంత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో టిఫిన్ వెంటనే కాఫీ అనే మన పద్ధతిని ఒక గంట జరపడం ఖర్చు లేని వైద్యం. చేయాల్సింది అలవాటును కదపడమే, అదే కష్టం.

ఇక గింజ దగ్గరకు రావాలి. తూర్పు కనుమల్లో కాఫీ కొత్తది కాదు. 1898 ప్రాంతంలోనే తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో నాటారు, అక్కడి నుంచి గూడెం వైపు పాకింది. 1960లలో అటవీ శాఖ తోటలు వేసింది. పోడు కొట్టుకుని బతికే కుటుంబాలకు ఒకచోట స్థిరంగా ఆదాయం ఇచ్చే పంటగా తర్వాతి దశాబ్దాల్లో గిరిజన రైతులకు ఇచ్చారు. అరకు, పాడేరు, అనంతగిరి, చింతపల్లి, జి.కె. వీధి కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ, ఒక్కో కుటుంబానికి ఎకరం, రెండెకరాలు. బగత, కొండదొర, కోటియ, వాల్మీకి, పోర్జ కుటుంబాల తోటలివి.

నవంబరులో కాయ ఎర్రబడటం మొదలవుతుంది. అన్నీ ఒకేసారి పండవు. పండినవి మాత్రమే ఏరుతూ అదే చెట్టు దగ్గరకు మూడు నాలుగు సార్లు రావాలి. కోసిన రోజే పల్పర్‌లో తొక్క తీసి, గింజ మీది జిగురు పులిసి వదిలేదాకా నానబెట్టి, కడిగి, ఎత్తు మంచెల మీద పరిచి, రోజుకు ఎన్నోసార్లు కదుపుతూ ఎండబెట్టాలి. అయిదారు కిలోల పండుకు కిలో గింజ వస్తుంది. చేతిలో డబ్బు లేని రైతు ఇంత ఓపిక పట్టలేడు. పచ్చీ పండూ కలిపి దూసేసి, డాబా మీదో మట్టి నేల మీదో ఎండబెట్టి, సంతలో షావుకారు చెప్పిన ధరకు అమ్మేసేవాడు. నాణ్యత పోయేది అక్కడే, రైతు ఆదాయం పోయేదీ అక్కడే. గిరిజన సహకార సంస్థ సీజన్‌కు ముందే ధర ప్రకటించి కొనడం, నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులను సహకార సంఘంగా కూర్చి పండును పండుగానే కొని ఒకచోట శుద్ధి చేయించడం, ఈ రెండూ ఆ ముడిని చాలావరకు విప్పాయి. గింజ మారలేదు, కొండ మారలేదు, కోసిన తర్వాతి పని మారింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే నాంది వాళ్ళ కాఫీ దుకాణం వెలిసింది. మన దేశంలో ఆ బ్రాండు మొదటి కేఫ్ 2021లో బెంగళూరులో వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

మార్కెట్ కూడా ఈ మధ్య రైతు వైపు తిరిగింది. బ్రెజిల్‌లో వర్షాలు లేక పంట తగ్గి, 2025 ఫిబ్రవరిలో అరబికా ధర న్యూయార్క్‌లో పౌనుకు 4 డాలర్లు దాటింది. వెనువెంటనే ఎదురుదెబ్బ కూడా తగిలింది. అదే ఏడాది అరకు తోటల్లో కాయ తొలిచే పురుగు బయటపడింది. కాయలో దూరి గింజనే తినే ఈ పురుగుకు మందు కొట్టి పెద్దగా లాభం లేదు. సోకిన కాయలను ఏరి, వేడినీళ్ళలో ముంచి, నేల మీద రాలినవి కూడా వదలకుండా ఏరేయాలి. సేంద్రియంగా పండిస్తామన్న పేరుతో ఎక్కువ ధర పొందుతున్న రైతులకు ఆ ఏరివేత కూలి ఎవరిస్తారన్నది చిన్న ప్రశ్న కాదు.

మరి ఆ గింజ గుంటూరు ఫిల్టరులోకి ఎందుకు రాదు? ధర ఒక కారణం, కానీ పెద్ద కారణం వేయింపు. పారిస్ వాళ్ళు అరకు గింజను లేతగా వేయించి, పాలు లేకుండా తాగుతారు. అందులో పండు పులుపు, పూల వాసన తెలియాలన్నది వాళ్ళ కోరిక. అదే పొడి తెచ్చి మన ఫిల్టరులో వేసి మూడొంతుల పాలు కలిపితే కాఫీ పల్చగా, పుల్లగా ఉండి ఇంట్లో ఎవరికీ నచ్చదు. "అరకు కాఫీ బాగుండదు" అన్న మాట ఇలాగే పుడుతోంది. పాలకు తట్టుకోవాలంటే అరబికాను ఇంకొంచెం ముదురుగా వేయించాలి, చిక్కదనానికి కాస్త రోబస్టా (ఘాటుగా ఉండే ఇంకో కాఫీ జాతి) కలపాలి, అలవాటు తప్పని ఇళ్ళకు పదో వంతు చికోరీ కూడా. హైదరాబాద్, విశాఖల్లో చిన్న రోస్టర్లు ఇలాంటి మిశ్రమాలు వేయించి, వేయించిన తేదీ పొట్లం మీద వేసి అమ్మడం మొదలుపెట్టారు. వేయించిన గింజ వాసన కొన్ని వారాలే నిలుస్తుంది, పొడి చేశాక ఇంకా తొందరగా పోతుంది కాబట్టి ఆ తేదీకి బ్రాండు పేరు కంటే ఎక్కువ విలువ ఉంది. గిరిజన సహకార సంస్థ తన పొట్లాల్లో ఫిల్టరు కోసమే వేయించిన రకాన్ని ముందు పెట్టి, మండలం పేరుతో సహా రైతు బజార్లకూ చౌకధరల దుకాణాలకూ పంపితే, పాడేరు గింజ తెనాలి వంటింటికి రావడానికి పారిస్ చుట్టి రానక్కర్లేదు.